బడి మరుగుదొడ్లు, సీసీ కెమెరాలు: పిల్లల గోప్యత

ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే చోట వాడుకునే ఉమ్మడి మరుగుదొడ్లు ఒక కారణంతో బడుల్లోకి వచ్చాయి. నిఘా కెమెరాలు ఇంకో కారణంతో వచ్చాయి. అయినా బ్రిటన్, అమెరికా, భారత్ వంటి దేశాల్లో ఈ రెండింటి మీద వచ్చే అభ్యంతరాలు చివరికి ఒకే ప్రశ్న దగ్గర కలుస్తున్నాయి: బడిలో ఎవరి కంటా పడని చోటు పిల్లలకు ఎంత ఉండాలి, దాని హద్దు ఎక్కడ? పాత బడుల్లో ఆ హద్దు మరుగుదొడ్ల బయటి తలుపు. తలుపు దాటితే కుళాయిలు, అద్దం, వరసగా చిన్న గదులు అన్నీ మరుగులోనే ఉండేవి. కొత్త నమూనాలు వచ్చాక ఆ హద్దు లోపలి గది గడియ దాకా జరిగింది. మధ్యలో మిగిలిన జాగా నడవాలో భాగమైంది. నడవాలో కెమెరా పెట్టడానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు. వివాదమంతా ఈ కాస్త జాగాలోనే పుట్టింది.

ఇంగ్లండ్‌లో మార్పు

ఈ విషయం మీద నిబంధనలు, వాదాలు, కోర్టు తగాదాలు అన్నీ వివరంగా కనిపించే దేశం బ్రిటన్. అక్కడి పాత బడుల్లో మరుగుదొడ్లు నడవా చివరో, ఆట స్థలం అంచునో ఉండేవి. టీచర్లు అటువైపు వెళ్ళరు కాబట్టి చిన్నవాళ్ళను ఏడిపించడానికైనా, దొంగచాటుగా సిగరెట్ కాల్చడానికైనా అదే అడ్డా. గోడల మీద రాతలు, విరిగిన కుళాయిలు, తడిసి ముద్దయిన టిష్యూ కాగితాలు మామూలే. పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుని ఇంటికి పరుగెత్తడం అక్కడా పాత సమస్యే.

2004లో అక్కడి ప్రభుత్వం సెకండరీ బడులన్నిటినీ కొత్తగా కట్టే భారీ పథకం చేపట్టింది. 2010లో వచ్చిన ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది గానీ, ఆ లోపు కట్టిన భవనాల్లో మరుగుదొడ్ల రూపమే మారిపోయింది. 2007లో విద్యాశాఖ వెలువరించిన ప్రామాణిక నమూనాల పత్రాల్లో ఒకటి పూర్తిగా బడి మరుగుదొడ్ల గురించే. ఈ కొత్త పద్ధతిలో బయటి తలుపు ఉండదు. చేతులు కడుక్కునే చోటు నడవాలోకి తెరిచి ఉంటుంది. అటుగా పోయే ఏ టీచరైనా ఒక చూపు వేయవచ్చు. మూత్రశాలల వరస ఉండదు. దాని బదులు నేల నుంచి పైకప్పు దాకా మూసిన గదులు, గట్టి తలుపులు, లోపల గడియ. గదులు ఇలా మూసి ఉన్నప్పుడు ఆడపిల్లలకు ఒక వరస, మగపిల్లలకు ఒక వరస ఎందుకన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. ఉమ్మడి మరుగుదొడ్డి చాలా బడుల్లోకి ఈ దారిన వచ్చింది. ఇప్పుడు జరిగే వాదంలో లింగ గుర్తింపు మాటే ఎక్కువగా వినిపిస్తుంది కాబట్టి ఇది చెప్పుకోవాలి: మొదటి ఉద్దేశాలు ఏడిపింపులను అరికట్టడం, పెద్దల కంట పడేలా ఉంచడం, జాగా కలిసిరావడం. ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు ఇబ్బంది లేని చోటు అన్న వాదన తరవాత తోడైంది.

చట్టం దీన్ని నేరుగా అనుమతించనూ లేదు, కాదననూ లేదు. ఇంగ్లండ్ పాఠశాల ఆవరణల నిబంధనలు, 2012 ప్రకారం ఎనిమిదేళ్ళు, ఆపై వయసున్న బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలి. లోపలి నుంచి గడియ పెట్టుకునే వీలుండి, ఒకసారికి ఒక్క విద్యార్థి వాడుకోవడానికి ఉద్దేశించిన గది అయితే ఈ నియమం నుంచి మినహాయింపు. చిక్కంతా 'గది' అన్నచోట ఉంది. లోపలే కుళాయి, అద్దం, చెత్తబుట్ట ఉన్న పూర్తి గది అయితే తగాదా లేదు. వరసగా ఉన్న చిన్న గదుల ముందు అందరికీ కలిపి కుళాయిలు పెట్టి, దాన్ని కూడా ఈ మినహాయింపు కిందికే తెస్తే చెల్లుతుందా? బడి యాజమాన్యాలు చెల్లుతుందన్నాయి. చాలామంది తల్లిదండ్రులు కాదన్నారు. అంతకుముందున్న 1999 నిబంధనలు ఐదేళ్ళు దాటిన ప్రతి 20 మందికి ఒక మరుగుదొడ్డి చొప్పున ఉండాలని లెక్క కట్టి చెప్పేవి. 2012లో ఇంగ్లండ్‌కు ఆ లెక్క తీసేశారు.

స్కాట్లండ్ నిబంధనలు 1967 నాటివి. ఆడ, మగ పిల్లలు కలిసి చదివే బడిలో సదుపాయాలు సగం ఆడపిల్లలకు, సగం మగపిల్లలకు అని వాటిలో సూటిగా ఉంది. అయినా కొత్త భవనాల్లో ఉమ్మడివి కట్టారు. స్కాటిష్ బోర్డర్స్ ప్రాంతంలోని అర్ల్‌స్టన్ అనే చిన్న పట్టణంలో ప్రాథమిక పాఠశాల కొత్త భవనం మీద తల్లిదండ్రులు ఎడిన్‌బరోలోని ఉన్నత న్యాయస్థానానికి వెళ్ళారు. 2025 ఏప్రిల్‌లో అక్కడి కౌన్సిల్ తన తప్పు ఒప్పుకుంది. వేర్వేరు మరుగుదొడ్లు ఉండి తీరాలని న్యాయమూర్తి తేల్చారు. స్త్రీ అన్న మాటకు సమానత్వ చట్టంలో జీవశాస్త్ర పరమైన అర్థమే వర్తిస్తుందని బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పి అప్పటికి వారమే అయింది కాబట్టి ఈ రెండింటినీ కలిపి మాట్లాడినవాళ్ళే ఎక్కువ. నిజానికి అర్ల్‌స్టన్ కేసు గెలవడానికి 1967 నాటి నిబంధన ఒక్కటే చాలు.

పిల్లలు చెప్పే ఇబ్బందులు

ఉమ్మడి మరుగుదొడ్లను వ్యతిరేకించే ఆడపిల్లలు ఎక్కువగా చెప్పేది గది లోపలి సంగతి కాదు, బయట కుళాయి దగ్గరి సంగతి. నెలసరి సమయంలో ప్యాడ్ పట్టుకుని తలుపు తీయాలంటే ఎదురుగా క్లాసు అబ్బాయిలు నిలబడి ఉంటారు. చేతికో, యూనిఫాంకో మరక అంటితే కడుక్కునే చోటు నడవాలో అందరి ముందు. గది లోపల ప్యాకెట్ చింపిన చప్పుడు పక్క గదిలోకి వినిపిస్తుంది. అందుకని నీళ్ళు తాగడం మానేస్తారు, బిగబట్టుకుంటారు, ఆ మూడు రోజులు బడి మానేస్తారు. వైద్యులు హెచ్చరించే మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు, మలబద్ధకానికి దారి ఇదే.

మగపిల్లల వైపు నుంచి కథ వేరుగా ఉంటుంది. మూత్రశాలల ముందు వరసగా నిలబడడమే చాలామందికి హింస. మరుగుదొడ్డి వాడినవాణ్ణి పట్టుకుని వేళాకోళం చేయడం బడుల్లో ఎరిగినదే. మూసిన గదులు వాళ్ళకు మేలు చేశాయి. ఆడ మగ అన్న రెండు బోర్డుల్లో దేని వెనక్కి వెళ్ళాలో తేల్చుకోలేని పిల్లలకూ, తోడుగా వేరే లింగానికి చెందిన సహాయకులు రావలసిన వికలాంగ విద్యార్థులకూ ఉమ్మడి గది అవసరమే. ఈ రెండు వైపుల బాధలకూ చాలావరకు సరిపోయే పరిష్కారం ఒకటుంది: కుళాయితో సహా అన్నీ లోపలే ఉన్న విడి గది. దానికి జాగా ఎక్కువ కావాలి, గాలి వెళ్ళే ఏర్పాటు వేరే కావాలి, లోపల పిల్లవాడు స్పృహ తప్పితే బయటి నుంచి తీయగలిగే గడియ కావాలి. ఖర్చు తగ్గించడానికి కుళాయిలను బయట పెట్టేయడంతోనే గొడవ మొదలవుతుంది.

అమెరికాలో డెన్వర్‌లోని ఈస్ట్ హైస్కూల్ ఈ వాదానికి తాజా వేదిక. ఒక అంతస్తులోని ఆడపిల్లల మరుగుదొడ్లను అందరివిగా మార్చి, 12 అడుగుల ఎత్తున్న అడ్డుగోడలు పెట్టారు. సాధారణంగా అమెరికా మరుగుదొడ్ల అడ్డుపలకల కింద పిల్లి దూరేంత సందు ఉంటుంది కాబట్టి ఇది అక్కడ పెద్ద మార్పే. అదే అంతస్తులో మగపిల్లలవి మాత్రం అలాగే ఉంచారు. 2025 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ విచారణ మొదలుపెట్టింది. తరవాత మగపిల్లలవి కూడా అందరివిగా మార్చినా, ఆగస్టులో ఆ శాఖ ఇది లింగ వివక్షను నిషేధించే చట్టానికి విరుద్ధమని ప్రకటించింది.

కెమెరా ఎక్కడిదాకా వచ్చింది

బయటి తలుపు తీసేసిన చోట కెమెరా పెట్టడం తేలిక. 'మేం కుళాయిల వైపే తిప్పి పెట్టాం, గదుల్లోకి కనబడదు' అన్నది బ్రిటిష్ బడులు ఇచ్చే మామూలు జవాబు. గోప్యత కోసం పనిచేసే బిగ్ బ్రదర్ వాచ్ సంస్థ సమాచార హక్కు ద్వారా వివరాలు రాబట్టి 2012లో 'ది క్లాస్ ఆఫ్ 1984' అనే నివేదిక వెలువరించింది. జవాబిచ్చిన 2,107 బడుల్లో 207 బడులు మరుగుదొడ్లలోనో, దుస్తులు మార్చుకునే గదుల్లోనో మొత్తం 825 కెమెరాలు పెట్టినట్టు తేలింది. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్ సెకండరీ బడుల్లో మొత్తం కెమెరాలు లక్షకు పైనే ఉంటాయని ఆ సంస్థ అంచనా వేసింది.

సమాచార రక్షణను చూసే బ్రిటన్ కమిషనర్ కార్యాలయం మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది: మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకునే గదుల వంటి చోట్ల కెమెరా అత్యంత అసాధారణ పరిస్థితుల్లో, చాలా తీవ్రమైన సమస్య ఉన్నప్పుడే పెట్టాలి. నిషేధం మాత్రం లేదు. ఏది అసాధారణమో మొదట తేల్చుకునేది ఆ బడి ప్రిన్సిపాలే. మొదట ఏడిపింపులు అన్నారు, తరవాత ఆస్తి ధ్వంసం అన్నారు, ఇప్పుడు ఈ-సిగరెట్లు అంటున్నారు. పొగ, ఆవిరి పసిగట్టే సెన్సర్లను చాలా బడులు మరుగుదొడ్ల పైకప్పుకు బిగించాయి. వాటిలో కెమెరా లేదని చెబుతారు గానీ, అరుపులు గుర్తించడానికి మైకు ఉంటుంది. 2025 ఆగస్టులో లాస్ వెగాస్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సు డెఫ్ కాన్‌లో ఇలాంటి ఒక పరికరాన్ని మాటలు వినే యంత్రంగా మార్చి చూపించారు.

నిఘా సరిపోదనుకున్న బడులు కొన్ని క్లాసుల వేళ మరుగుదొడ్లకు తాళమే వేశాయి. 2023 ఫిబ్రవరిలో కార్న్‌వాల్ నుంచి యార్క్‌షైర్ దాకా అనేక బడుల్లో విద్యార్థులు దీని మీద తిరగబడ్డారు. పిల్లల ఉద్యమాల చరిత్రలో దీనికి పెద్ద చోటు దక్కదేమో గానీ, మరుగుదొడ్డికి వెళ్ళడానికి అనుమతి అడగడమే అవమానమన్న మాట వాళ్ళ నోట గట్టిగా వినబడింది.

ఓవర్టన్ కౌంటీ కేసు

కెమెరాల విషయంలో 'ఎవరు చూస్తున్నారు' అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో చెప్పడానికి అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం, ఓవర్టన్ కౌంటీలో జరిగినదాన్ని మించిన ఉదాహరణ లేదు. అక్కడి ఒక మిడిల్ స్కూల్లో 2002లో భద్రత కోసం కెమెరాలు పెట్టించారు. ఎక్కడెక్కడ పెట్టాలో సహాయ ప్రిన్సిపాల్, కెమెరాలు బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి కలిసి నిర్ణయించారు. ఆటగాళ్ళు దుస్తులు మార్చుకునే గదులు, ఆడపిల్లలవీ మగపిల్లలవీ రెండూ, ఆ జాబితాలో చేరాయి. పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు బట్టలు మార్చుకునే దృశ్యాలు సహాయ ప్రిన్సిపాల్ గదిలోని కంప్యూటర్లోకి చేరి నిలవయ్యేవి. ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ ద్వారా ఎక్కడి నుంచైనా తెరవచ్చు. కంపెనీ ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు.

2003 జనవరిలో బాస్కెట్‌బాల్ ఆడడానికి వేరే బడి నుంచి వచ్చిన అమ్మాయిలు గోడ మీద కెమెరాను గమనించి తమ కోచ్‌కు చెప్పేదాకా ఈ సంగతి బయటపడలేదు. తవ్వి చూస్తే ఆరు నెలల్లో 98 సార్లు ఆ వ్యవస్థను తెరిచి చూసినట్టు తేలింది. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక కూడా చూశారు. వేరే రాష్ట్రమైన దక్షిణ కరొలైనా నుంచి కూడా చూశారు. కేసు ఫెడరల్ అప్పీళ్ళ కోర్టుకు వెళ్ళింది. 2008లో ఆ కోర్టు పిల్లల గోప్యత హక్కుకు భంగం కలిగిందని తేల్చింది. నడవాల్లో కెమెరా వేరు, బట్టలు మార్చుకునే చోట వేరు, భద్రత పేరు చెబితే ఈ తేడా చెరిగిపోదని దాని సారాంశం. ప్రిన్సిపాల్, సహాయ ప్రిన్సిపాల్‌లకు అధికారులకుండే రక్షణ వర్తించదంది. కెమెరాలు ఎక్కడ పెట్టారో పట్టించుకోని బోర్డు సభ్యులు మాత్రం దావా నుంచి బయటపడ్డారు. పట్టించుకోకపోవడమే వాళ్ళను కాపాడిందనిపిస్తుంది.

ఈ తీర్పుకు ఆధారమైన 1985 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు కథ మరుగుదొడ్డిలోనే మొదలైంది. న్యూజెర్సీలో ఒక పద్నాలుగేళ్ళ అమ్మాయి బడి మరుగుదొడ్డిలో సిగరెట్ కాలుస్తూ దొరికింది. ఆమె చేతిసంచి వెతకవచ్చా అన్నది ప్రశ్న. బడి అధికారులకు వారంటు అక్కర్లేదు గానీ, వెతకడం సహేతుకంగా ఉండాలని కోర్టు చెప్పింది.

దొంగగా చూసేవాళ్ళు బడివాళ్ళే కానక్కర్లేదు. 2021 మార్చిలో ఒక అమెరికన్ కెమెరా కంపెనీ వ్యవస్థలోకి చొరబడినవాళ్ళు బడులు, ఆసుపత్రులు, జైళ్ళలోని దాదాపు లక్షన్నర కెమెరాల దృశ్యాలు చూడగలిగారు. ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాలది ఇంకో మెట్టు. స్వీడన్‌లో షెల్లెఫ్టియో పట్టణంలో 22 మంది విద్యార్థుల హాజరు ముఖాలతో తీసుకున్నందుకు 2019లో 2 లక్షల క్రోనార్ల జరిమానా పడింది. విద్యార్థులు ఒప్పుకున్నారన్న వాదనను అధికారులు కొట్టేశారు. బడికీ పిల్లలకూ మధ్య అధికారపు తేడా ఉన్నప్పుడు ఆ ఒప్పుకోలుకు విలువ లేదన్నారు.

భారత్‌లో

ఇక్కడ ఉమ్మడి మరుగుదొడ్డి కొత్త ఆలోచనేమీ కాదు, పాత లేమి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని ఉంది. స్వచ్ఛ విద్యాలయ పథకం కింద ఏడాదిలో 2,61,400 బడుల్లో 4,17,796 మరుగుదొడ్లు కట్టామని 2015 ఆగస్టులో కేంద్రం ప్రకటించింది. ప్రభుత్వ రంగ సంస్థలు కట్టిన వాటిని కాగ్ తనిఖీ చేసి 2020లో ఇచ్చిన నివేదిక చదివితే ఆ అంకెల బరువు తగ్గుతుంది. చూసిన 1,967 సహ విద్యా బడుల్లో 99 చోట్ల పనిచేసే మరుగుదొడ్డి లేదు, 436 చోట్ల ఒక్కటే ఉంది. ఒక్కటే ఉంటే అది ఉమ్మడిదే. తనిఖీ చేసిన మరుగుదొడ్లలో 72 శాతం వాటికి లోపల కుళాయి నీళ్ళు లేవు.

మన ఊళ్ళలో చదివినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఆవరణ చివర, ప్రహరీ పక్కన ఒక గది, అడుగున తుప్పు పట్టి సందు పడ్డ రేకు తలుపు, ఊడిపోయిన గడియ. అందుకే అమ్మాయిలు జంటగా వెళ్ళేవాళ్ళు. ఒకరు లోపల, ఒకరు తలుపు పట్టుకుని బయట. ఇంగ్లండ్‌లో వాదం తలుపు ఎక్కడ ఉండాలని, ఇక్కడ తలుపు ఉండాలని. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను బాగుచేయడానికి 2019లో మొదలైన నాడు-నేడు పనుల్లో నీళ్ళున్న మరుగుదొడ్లు మొదటి అంశం. తరవాత పిల్లలను బడికి పంపే తల్లులకు ఇచ్చే అమ్మ ఒడి సొమ్ములో వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకు మినహాయించారు. అవి శుభ్రంగా ఉన్నాయని రుజువు చేయడానికి టీచర్లు రోజూ మరుగుదొడ్ల ఫోటోలు తీసి యాప్‌లో పెట్టవలసి వచ్చింది. పాఠం ఆపి ఫోన్ పట్టుకుని అటు నడిచిన ఉపాధ్యాయులు ఎంత నొచ్చుకున్నారో ఆ రోజుల్లో సంఘాల నాయకులు చెప్పేవారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పని తీసేశారు.

లింగ గుర్తింపు కోణం నుంచి ఉమ్మడి మరుగుదొడ్ల మాట ఇక్కడ 2021లో వచ్చింది. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో కలుపుకుపోవడంపై ఎన్‌సీఈఆర్‌టీ ఉపాధ్యాయులకు ఒక కరదీపిక తయారుచేసింది. అందులో ఇలాంటి మరుగుదొడ్ల ప్రస్తావన ఉంది. అభ్యంతరాలు రాగానే అది వెబ్‌సైట్ నుంచి మాయమైంది. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 2022 మార్చిలో తన విద్యా భవనంలో ఒక వాష్‌రూమ్‌ను అందరిదిగా మార్చింది. కాకపోతే అది పెద్ద పిల్లల ప్రపంచం.

కెమెరాలు మాత్రం బడుల్లోకి దుర్ఘటనల వెనకే వచ్చాయి. 2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లోని ఒక ప్రైవేటు స్కూలు మరుగుదొడ్డిలో ఏడేళ్ళ బాలుడు హత్యకు గురయ్యాడు. పోలీసులు మొదట బస్సు కండక్టర్‌ను అరెస్టు చేశారు. కేసు సీబీఐ చేతికి వెళ్ళాక అదే స్కూలు సీనియర్ విద్యార్థిని అదుపులోకి తీసుకున్నారు. మరుగుదొడ్డి బయటి ఫుటేజీ ఆ దర్యాప్తుకు పనికొచ్చింది. కెమెరా లోపల ఉండక్కర్లేదని, వాకిట్లో ఉంటే చాలని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 2024 ఆగస్టులో మహారాష్ట్రలోని బద్లాపూర్‌లో ఇద్దరు నాలుగేళ్ళ పాపలపై మగ స్వీపర్ బడి మరుగుదొడ్డిలో అఘాయిత్యం చేశాడని బయటపడినప్పుడు, దాదాపు పదిహేను రోజుల ఫుటేజీ లేదని తేలింది. నెలలోగా కెమెరాలు పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వం బడులను ఆదేశించింది. పసిపిల్లలను మరుగుదొడ్డికి తీసుకెళ్ళే పని ఆడవాళ్ళకే అప్పగించి ఉంటే ఎలా ఉండేదన్న చర్చ కెమెరాల హడావిడిలో వెనకబడింది.

ఢిల్లీ ప్రభుత్వం 2019లో ఇంకో అడుగు వేసింది. తన బడుల తరగతి గదుల్లో సుమారు లక్షన్నర కెమెరాలు పెట్టి, తల్లిదండ్రులు ఫోన్లోనే చూసుకునేలా చేస్తామంది. నా కూతుర్ని నేను చూసుకుంటాను సరే, క్లాసులో మిగతా పిల్లల తండ్రులందరూ చూడడమేమిటని కొందరు కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు.

తెలుగు నేలపై 2024 ఆగస్టు చివర కృష్ణా జిల్లా గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ విద్యార్థినులు తమ హాస్టల్ వాష్‌రూముల్లో రహస్య కెమెరాలు ఉన్నాయంటూ రాత్రంతా ఆందోళన చేశారు. తనిఖీల్లో కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు చెప్పారు. దొరక్కపోయినా ఆ భయం అంత సులభంగా పోలేదు. అక్కడి విద్యార్థినుల అనుమానమంతా రహస్య కెమెరా మీదే. ప్రిన్సిపాల్ గదిలో పదహారు గళ్ళుగా చీలి రోజంతా వెలిగే టీవీ తెర మీద ఎవరికీ అనుమానం రాదు. ఆ తెర ముందు కూర్చునేది ఒక్కోసారి ప్రిన్సిపాల్, ఒక్కోసారి ఫీజులు కట్టించుకునే క్లర్కు, ఒక్కోసారి డీవీఆర్ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు.

చట్టాల్లో ఒక వింత ఉంది. రహస్యంగా చూడడాన్ని, చిత్రీకరించడాన్ని నేరం చేసే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ స్త్రీలకే వర్తిస్తుంది. మగపిల్లవాణ్ణి చిత్రీకరిస్తే ఐటీ చట్టం 66ఈ సెక్షన్‌నో, పోక్సోనో ఆశ్రయించాలి. 66ఈ కింద మూడేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పాక వచ్చిన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వారి కదలికలను వెంటాడడాన్ని, వారి ప్రవర్తనపై నిఘాను నిషేధిస్తుంది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు మాత్రం విద్యా కార్యక్రమాలకు, పిల్లల భద్రతకు అవసరమైన మేరకు విద్యాసంస్థలను ఆ నిషేధం నుంచి మినహాయించాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు.

ఈలోగా సీబీఎస్ఈ 2025 జులైలో తన గుర్తింపు ఉన్న బడులన్నిటికీ కెమెరాలను తప్పనిసరి చేసింది. ప్రవేశ ద్వారాలు, నడవాలు, మెట్లు, తరగతి గదులు, లైబ్రరీ, క్యాంటీన్, ఆటస్థలం అన్నిచోట్లా పెట్టాలి, దృశ్యంతో పాటు మాటలూ రికార్డవ్వాలి. మరుగుదొడ్లు, వాష్‌రూములు మినహాయింపు. ఫుటేజీని కనీసం 15 రోజులు దాచాలని అందులో ఉంది. అంతకు మించి ఎన్నాళ్ళు దాచకూడదో లేదు.